శుక్రవారం పట్నం

విశాఖ నుంచి బ్యాంకాక్‌కు విమానంలో ఇంచుమించు మూడు గంటలు. అదే విశాఖ నుంచి అరకుకు రైల్లో ఇంచుమించు నాలుగు గంటలు. 2024లో నేరుగా విమానం మొదలయ్యాక ఈ లెక్క ఇక్కడి మధ్యతరగతికి కంఠతా వచ్చేసింది. పెళ్లి భోజనాల బంతుల్లో చాతుచక్ వారాంతపు బజారు ముచ్చట్లు వినిపిస్తున్నాయి. ఆ జనం, ఆ వీధి వంటలు, కాలిక్యులేటర్ మీద అంకెలు నొక్కి ఆడే ఆ బేరాలు! 'ఏం ఊరండీ బాబూ, కంటి మీద కునుకే వెయ్యదు' అని మురిసిపోతారు. వాళ్లనే అరకు గురించి అడిగి చూడండి. గొంతు కాస్త తగ్గించి 'ప్రశాంతంగా ఉంటుంది' అంటారు. సందడి కావాలంటే సముద్రం దాటడం, నిశ్శబ్దం కావాలంటే కొండెక్కడం మనకు అలవాటైపోయింది.

అరకుకు తనదైన సందడి ఒకటుంది. దానికో వారం ఉంది, శుక్రవారం. మనం శనివారం పొద్దున్న దిగుతాం, ఆదివారం సాయంత్రం వెనక్కి మళ్లుతాం. కాబట్టి అది మన కంట పడదు. పడేదల్లా మనం మోసుకెళ్లిన సందడే. ఘాట్ రోడ్డు మీద కార్ల బారు, బొంగు చికెన్ పొగ, నెత్తిమీద డ్రోన్ల రొద. కొండల మీద బతికేవాళ్ల పట్నం మాత్రం అంతకు ముందు రోజే పుట్టి, పొద్దుగూకేలోపు మాయమైపోయి ఉంటుంది.

ఆ పట్నానికి పటంలో చోటు లేదు. మునిసిపాలిటీ లేదు, మేయరు లేడు. సంత అంటారు దాన్ని. అరకులో శుక్రవారం, హుకుంపేటలో శనివారం, చింతపల్లిలో బుధవారం, సరిహద్దు దాటి ఒడిశాలోని ఒనకడిల్లిలో గురువారం. ఇలా తూర్పు కనుమల మీద వారమంతా ఏదో ఒక చోట ఒక పట్నం లేస్తూనే ఉంటుంది. దుకాణదారులు దాని వెనకాలే వ్యానులేసుకుని తిరుగుతుంటారు. అప్పుల గడువులు, పెళ్లి మాటలు, మందుల చీటీలు అన్నీ 'వచ్చే సంతకి' అన్న లెక్క మీదే నడుస్తాయి.

ఒక రైలు, రెండు పెట్టెలు

కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం ప్రకృతి ప్రేమికుల కోసం వేసింది కాదు. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, ఓడల్లో జపానుకు పంపడం కోసం 1960లలో జపాను సహకారంతో వేశారు. 445 కిలోమీటర్ల దారి. 58 సొరంగాలు, 84 వంతెనలు. శివలింగపురం దాటాక రైలు కొండను పట్టుకుని పైకి పాకుతుంటే ఒక పక్క రాయి, ఇంకో పక్క పాతాళం. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ తరవాత శిమిలిగూడ. 996 మీటర్ల ఎత్తున్న ఈ చిన్న స్టేషను, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదన్న పేరు చాలాకాలం నిలుపుకుంది. పొద్దస్తమానం ఎదురుగా ఖనిజం గూడ్సులు దిగుతూ ఉంటాయి. వాటికి దారివ్వడానికి ప్రయాణికుల రైలు ఆగాల్సిందే. ఈ దారిలో పెద్దరికం ఎవరిదో మొదటి గంటలోనే అర్థమైపోతుంది.

2017లో ఈ రైలుకు విస్టాడోమ్ పెట్టె తగిలించారు. అద్దాల కప్పు, చుట్టూ తిరిగే కుర్చీలు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతోపాటు పెద్దలూ కేకలు పెడతారు. దానికి నాలుగు పెట్టెల అవతల జనరల్ బోగీ. అక్కడ సొరంగం వచ్చిందని ఎవరూ తల కూడా ఎత్తరు. కాళ్ల మధ్య కోళ్ల గంప, ఒళ్లో పసిబిడ్డ, బెంచీ కింద గోనెసంచుల్లో బంగాళదుంపలు, ఉల్లిపాయలు. కొండ కింది సరుకు కొండెక్కుతోంది. తిరుగు ప్రయాణంలో అదే బెంచీ కింద అల్లం, పసుపు, అడ్డాకుల కట్టలు ఉంటాయి.

ఈ లైను ఏ రైల్వే డివిజన్లో ఉండాలన్న గొడవ విశాఖలో ఏళ్ల తరబడి నలిగింది. జనరల్ బోగీలో ఆ ప్రస్తావన నాకు వినబడలేదు. అక్కడ అడిగేది ఒకటే, రైలు ఎన్ని గంటలు ఆలస్యమని.

బయలు నిండే వేళ

నవంబరు నెలలో అరకు సంత చూడాలంటే గురువారం రాత్రికే అక్కడుండాలి. ఉదయం ఏడు దాటేదాకా మంచు కదలదు. ఆ మంచులోంచి ముందు గొంతులొస్తాయి, ఆ తరవాత మనుషులొస్తారు. కొండ గట్ల మీద కాలిబాట ఎంత వెడల్పుంటే వరస అంతే. ఒకరి వెనక ఒకరు, పక్కపక్కన నడవడం కొండ దారిలో కుదరదు కదా. మగవాళ్ల భుజాన కావడి, ఆడవాళ్ల నెత్తిన గంప. తారురోడ్డు చేరాక కొందరు సర్వీసు జీపు ఎక్కుతారు. తొమ్మిదిమంది పట్టే జీపులో ఇరవైమంది, టాపు మీద సరుకు, సరుకు మీద ఇంకో నలుగురు. రోడ్డు లేని గూడేల వాళ్లు తెల్లవారుజామున మొదలుపెట్టి నడిచే వస్తారు. గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చారన్న వార్త మనకు పేపర్లో ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది. ఆ డోలీ నడిచేదీ, సంత గంప నడిచేదీ ఒకే బాట మీద.

సంతబయలుకు అర కిలోమీటరు ముందే అసలు కథ మొదలవుతుంది. రోడ్డు మలుపు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉంటారు. చిన్న వ్యాపారులు, పెద్ద వ్యాపారుల మనుషులు. సరుకు సంతలో అడుగుపెట్టి నలుగురి కంట పడకముందే పట్టేయాలని వాళ్ల ఆరాటం. అరవయ్యేళ్లు దాటిన ఒకావిడ అల్లం మూటతో వస్తోంది. పొడుగాటి కుర్రాడొకడు ఎదురెళ్లి మూట మీద చెయ్యేశాడు.

"ఏటి పిన్నీ, అల్లమేనా? ఇలా దించు."

"ఇక్కడివ్వన్రా బాబూ, సంతకే తీసుకెల్తాను."

"సంతలో మాత్రం నీకు బంగారం పోస్తారేటి?" అంటూ మూటను ఒంటిచేత్తో ఎత్తి దించేశాడు. అదే అతని కాటా. "పన్నెండు కేజీలుంటాది. కట్టేసుకో."

ఆవిడ నోరు విప్పకముందే వెనకాల వస్తున్న పిల్లాడు ముందుకొచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడట, చేతిలో ఫోను. "మా పెద్దమ్మ అమ్మదు. కావాలంటే కాటా మీద పెట్టి మాటాడు." పొడుగాటి కుర్రాడు నవ్వేసి మూట వదిలేశాడు. కోపం లేదు, సిగ్గూ లేదు. పక్కనున్న ఇంకో గంప వైపు తిరిగాడు. ఆ మూట సంతలో కాటా ఎక్కినప్పుడు పక్కనే నిలబడి చూశాను. పదిహేను కేజీలకు కాస్త పైన తూగింది. మలుపు దగ్గరే వదులుకుని ఉంటే మూడు కేజీలు ఆ ఒంటిచేతి తూకంలో పోయేవి.

ఇలా పోయేవి ఎప్పటి నుంచో పోతూనే ఉన్నాయి. ఉప్పుకు చింతపండు, బట్టకు పసుపు మార్చుకునే రోజుల్లో అటు వైపు లెక్క చూసేవాళ్లే లేరు. షావుకార్ల గుప్పిట్లోంచి అటవీ సరుకును తప్పించడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. జీసీసీ అంటే మనకు తేనె సీసా, సబ్బు బిళ్ల గుర్తొస్తాయి. కొండ మీద దాని పని వేరు. కరక్కాయలు, శీకాయ, చింతపండు, నరమామిడి చెక్క కొనడం, డిపోల్లో బియ్యం, పప్పు, ఉప్పు అమ్మడం. దాని ధర బోర్డు మీద రాసి ఉంటుంది. షావుకారు ధర నోట్లో ఉంటుంది, పూటకోలా మారుతుంది. అయినా షావుకారు దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. బోర్డు అప్పివ్వదు, అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తియ్యదు. షావుకారు రెండూ చేస్తాడు, ఆ రెంటికీ వడ్డీ కట్టించుకుంటాడు. సంస్థ పెట్టిన ఇన్నేళ్ల తరవాత కూడా మలుపు దగ్గర ఆ కుర్రాళ్లు నిలబడుతున్నారంటే కారణం ఇదే. ఇప్పుడు వాళ్లకు అడ్డం పడుతున్నది ఆశ్రమ పాఠశాలల్లో చదివొచ్చిన పిల్లలు.

ఎనిమిదిన్నర, తొమ్మిదయ్యేసరికి బయలు నిండిపోతుంది. వీధులు ఎవరూ గీయరు, అయినా వీధులుంటాయి. అల్లం, పసుపు ఒక వరస. చోళ్లు, సామలు, కొర్రలు ఇంకో వరస. గింజలకు ఇప్పటికీ కాటా కంటే కొలతే ఎక్కువ. అడ్డ, సోల, తవ్వ. అంచు దాకా పోసి అరచేత్తో చదును చేస్తే ఒక ధర, గోపురంలా పోస్తే ఇంకో ధర. పక్కనే రాజ్‌మా గింజలు. ఉత్తరాది నుంచి వచ్చి ఈ చలికి స్థిరపడిపోయిన పంట అది. అక్కణ్నుంచి పిప్పలి మోడి, ఎండిన ఉసిరి, కొండ తేనె. సీతాఫలాలు చివరి దశలో ఉన్నాయి, గంపకింతని గుత్తగా అడిగేస్తున్నారు. అడ్డాకులు కట్టలు కట్టలుగా వచ్చి కట్టలుగానే లారీ ఎక్కుతున్నాయి. సింహాచలం కొండ కిందో, రాజమండ్రి పెళ్లి పందిట్లోనో విస్తళ్లై తేలతాయి.

కొండ కింది నుంచి వచ్చిన వరసల్లో ఎండుచేపల వీధిని కళ్లు మూసుకుని కూడా పట్టుకోవచ్చు. నెత్తళ్లు, సొర ముక్కలు, ఉప్పు కారుతున్న వంజరం. సముద్రం ఎన్నడూ చూడని గూడేల్లో వారం మొత్తానికి రుచి ఈ వరస నుంచే వెళ్తుంది. తరవాత అల్యూమినియం సామాను, చలి దుప్పట్లు, ప్లాస్టిక్ బిందెలు, పూసలు, రిబ్బన్లు. ఒక మూల కమ్మర్లు కొలిమి పెట్టుకుని గొడ్డళ్లు, కొడవళ్లు, నాగటి కర్రులు సానబెడుతుంటారు. ఇంకో మూల ఫోను రీఛార్జి బల్ల. సిగ్నల్ అందని ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడ గుమిగూడి, వారం రోజుల మెసేజీలు ఒకేసారి దించుకుంటున్నారు. వాళ్ల ఫోన్లు ఆగకుండా టింగుటింగుమంటూనే ఉన్నాయి.

బయలు చివర చెట్ల నీడన జీలుగు కల్లు. అల్యూమినియం బిందెలు, అడ్డాకు దొన్నెలు. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసే కూర్చుంటారు. ఊళ్ల మధ్య తగువులు, పిల్లనిచ్చే మాటలు, పశువుల బేరాలు చాలావరకు తేలేది ఈ నీడలోనే. మధ్యాహ్నం దాటాక కొన్ని తగువులు అక్కడే కొత్తగా పుడతాయి కూడా.

వియత్నాం చుట్టాలు

సంతలో ఎన్ని భాషలు వినిపిస్తాయో లెక్క పెట్టడం కష్టం. కొందుల కువి ఉంది. కొండదొరలు, భగతలు, వాల్మీకులు తెలుగులో మాట్లాడతారు. కోటియాలది ఒడియా యాస. ఎవరికి ఎవరితో పొత్తు కుదరకపోయినా అందరూ కలుసుకునే చోటు ఆదివాసీ ఒడియా. ఒడిశాలోని భువనేశ్వరంలో మాట్లాడే ఒడియా కాదిది, కొండల మీద బేరాల్లో నలిగి నునుపు తేలిన మాట. మైదానం నుంచి వచ్చిన వ్యాపారికి ఇది రాకపోతే సాయంత్రానికి సగం సరుకు వ్యాన్లోనే మిగులుతుంది. దుప్పట్లమ్మే విజయనగరం వ్యాపారి ఒకాయన మూడు భాషల్లో ధర చెప్తున్నాడు. నాతో మాత్రం ధర వేరు, భాష ఏదైనా.

గదబల సంగతి ఇంకా వింత. గదబల్లో ఒక శాఖ మాట్లాడే గుతోబ్, ఎగువన బోండాలు మాట్లాడే రెమో, రెండూ ముండా భాషలు. అవి ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబంలోవి. అంటే వాటికి తెలుగు చుట్టం కాదు, ఒడియా చుట్టం కాదు. దూరపు చుట్టాలు ఉన్నది కంబోడియాలో, వియత్నాంలో. ఖ్మేర్, వియత్నామీస్ అదే కుటుంబం. ఆగ్నేయాసియా చూడ్డానికి మనం పాస్‌పోర్టు తీస్తుంటే, ఆ వంశపు కొమ్మ ఒకటి వేల ఏళ్లుగా మన ఇంటి వెనక కొండ మీద అల్లం తవ్వుకుంటోంది. గదబ స్త్రీలు చెట్టు నారతో నేసుకునే ఎరుపు, నీలం, తెలుపు చారల కెరంగ్ గుడ్డ ఇప్పుడు సంతలో దాదాపు కనబడదు. నైలాన్ చీరలదే రాజ్యం. అరకులోని గిరిజన మ్యూజియంలో ఒక గుడ్డ వేలాడుతోంది. దాని ముందు ఒక గదబ ముసలావిడ నిలబడి మనవరాలికి ఏదో చెప్తోంది, ఆ మాటలు నాకు తెలియలేదు.

కాఫీ పండే చోట టీ

అరకు పేరు చెప్పగానే ఇప్పుడు ఎవరైనా కాఫీ అంటారు. తూర్పు గోదావరి కొండల్లో పాములేరు లోయలో 1898లో ఒక ఇంగ్లీషు దొర మొదలుపెట్టిన పంట అది. తరవాత అటవీశాఖ చేతికీ, ఆపైన జీసీసీ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)ల పూనికతో గిరిజన రైతుల చేతికీ వచ్చింది. ఇప్పుడు ఈ కొండల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. కర్ణాటకలోలా పెద్ద ఎస్టేట్లు కావివి. ఒక్కో కుటుంబానికి ఎకరమో, రెండెకరాలో. సిల్వర్ ఓక్ నీడ, దానికి పాకిన మిరియం తీగ, కింద కాఫీ మొక్క. ఒకే నేల మీద మూడు అంతస్తుల ఆదాయం. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకున్నారు, పార్లమెంటు ఆవరణలో అమ్మకపు కౌంటరు పెట్టారు.

శుక్రవారం సంతలో మాత్రం అందరూ తాగేది టీ. బెల్లం టీ, అందులో దంచి వేసిన అల్లం. కాఫీ పండు ఎర్రబడి ఏరే రోజులివి. ఏరి, తొక్క తీసి, ఆరబెట్టి, పప్పు చేసి అమ్మితే ఒక ధర, చెట్టు మీంచి కోసిన పండుగా ఇచ్చేస్తే ఇంకో ధర. ఆరబెట్టే కళ్లం, తొక్క తీసే మిషను, మూడు నెలలు ఆగే ఓపిక ఉన్నవాడికి పప్పు లాభం. పండక్కి డబ్బు కావలసినవాడికి పండే గతి. టీ కొట్టు బల్ల మీద ఈ లెక్కలే నడుస్తున్నాయి. 2025లో కాయతొలిచే పురుగు ఈ లోయలో బయటపడ్డాక ఇంకో మాట కూడా చేరింది. పక్క ఊరి తోట నుంచి వచ్చిన గోనెసంచిని ఇప్పుడు అనుమానంగా చూస్తున్నారు.

తాడు కట్టిన పూలతోట

శనివారం మధ్యాహ్నానికి అరకు వేరే ఊరు. పద్మాపురం తోట ముందు బస్సులు బారులు తీరతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోట అదన్న సంగతి ఎవరికీ పట్టదు. చాపరాయి జారుడు బండల మీద తడిబట్టల కుటుంబాలు. గాలికొండ వ్యూ పాయింటు దగ్గర సెల్ఫీ కర్రలు. నవంబరులో వీటన్నిటికీ మించిన ఆకర్షణ వలిసె పూలు. లోయంతా పసుపు కుమ్మరించినట్టుంటుంది.

వలిసె నూనెగింజ. పువ్వు రాలితేనే గింజ పడుతుంది, నలిగితే పడదు. మొదట్లో జనం చేలో దిగి పడుకుని ఫొటోలు తీసుకునేవాళ్లు. రైతు చూస్తూ ఊరుకునేవాడు. ఇప్పుడు గట్టు వెంబడి తాడు కట్టి, ఒక దారి వదిలి, తలకి పదో ఇరవయ్యో తీసుకుంటున్నాడు. ఆ గట్టు మీద అరగంట నిలబడ్డాను. 'పువ్వు చూడ్డానికి కూడా డబ్బులేంటండీ' అని గొణిగినవాళ్లే ఎక్కువ. ఆ గొణుగుడు వెనక కారు ఖరీదు చూసి నవ్వొచ్చింది. నా మటుకు నాకు, ఈ లోయలో పర్యాటకం పెట్టిన ధరలన్నిటిలోకీ న్యాయమైనది ఆ తాడే. అమ్ముతున్నది తన చేను, నిర్ణయించింది తను, డబ్బు పడుతున్నది తన చేతిలో.

అద్దె వేషాల సంగతి అలా కాదు. వ్యూ పాయింట్ల దగ్గర గిరిజన చీర కట్టు, పూసలు, నెత్తిన గంప అద్దెకిస్తారు. కట్టించుకుని ఫొటో దిగాలి. శుక్రవారం నిజంగా గంప మోసినావిడ నైలాన్ చీరలో, ప్లాస్టిక్ చెప్పుల్లో వచ్చింది. ఆదివారం వేషం వేసినావిడ నెత్తిన గంప ఖాళీగా ఉంది. ధింసా నాట్యం కూడా ఇలాగే రెండుగా చీలింది. చైత్రంలో ఇటుకల పండగ నాడు ఊళ్లో ఆడే ధింసా ఒకటి, రాత్రి రిసార్టులో నెగడు చుట్టూ బేరం కుదుర్చుకుని ఆడే ధింసా ఒకటి. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి, వరస తెగకుండా అడుగేయడం రెంటిలోనూ ఒకటే. రిసార్టులో మధ్యలో దూరిన అతిథి వల్ల వరస ప్రతి రెండు నిమిషాలకీ తెగుతుంది. ఆడేవాళ్లు నవ్వి మళ్లీ కలుపుకుంటారు. డబ్బు తీసుకోవడంలో తప్పేం లేదు. ఎంత వస్తుందో వాళ్లు నిర్ణయించగలగాలి, చేను గట్టు మీద రైతులా.

అలా నిర్ణయించే శక్తి కాస్తయినా మిగిలి ఉందంటే నేల ఇంకా వాళ్లదే కాబట్టి. ఒకటి బై డెబ్భై చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. బొర్రా గుహలు చూసి బజ్జీలు తిని వచ్చేస్తాం కానీ, ఆ పక్కనే నిమ్మలపాడు అనే ఊరుంది. అక్కడి గనుల లీజుల మీద మొదలైన పోరాటం సమత కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1997లో వచ్చిన తీర్పు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకివ్వకూడదు. దేశంలో ఏ మూల ఆదివాసీ భూముల గురించి వాదించాలన్నా ఆ చిన్న ఊరి పేరు లేకుండా కుదరదు. మంచి చట్టం ఉందంటే అన్నీ బాగున్నాయని కాదు. బినామీ పేర్ల మీద లేచిన మేడలు అరకు బజారులో ఎవరినడిగినా చూపిస్తారు. కానీ చట్టం లేకపోతే ఈపాటికి లోయ ఎలా ఉండేదో ఊటీ వెళ్లొచ్చినవాళ్లు ఊహించగలరు.

వారం చేసిన మేలు

వియత్నాం ఉత్తర కొండల్లో బాక్ హా అనే ఊరుంది. అక్కడ హ్మోంగ్ జనం కొండ దిగి వచ్చే సంత ఆదివారం నాడు. సెలవు రోజు కావడంతో పర్యాటకులకు అది అందివచ్చింది. బస్సుల్లో దిగడం మొదలుపెట్టారు, వాళ్ల వెనకాలే వాళ్లకోసం సరుకు వచ్చింది. గుర్రాలు, గేదెలు, మొక్కజొన్న సారా వరసల పక్కన పర్యాటకుల సంచీల వరస మొలిచింది. ఒనకడిల్లిలో ఇంకా ఘోరం జరిగింది. అక్కడి గురువారం సంతకు బోండా స్త్రీల పూసలను, ఒంటిని ఫొటో తీయడానికే విదేశీ బృందాలు వచ్చేవి. మనుషుల్ని వింత జంతువుల్లా చూస్తున్నారన్న గొడవలు ముదిరాక 2012లో ఒడిశా ప్రభుత్వం అలాంటి యాత్రల మీద ఆంక్షలు పెట్టింది.

అరకు సంతను ఇంతవరకూ కాపాడింది చట్టమూ కాదు, సంస్కారమూ కాదు. శుక్రవారం కాపాడింది. మనకు ఆఫీసు, పిల్లలకు బడి. ఐదు రోజుల పనివారం లోయకు ఇంత పెద్ద ఉపకారం చేస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. కానీ శుక్రవారానికీ వారాంతానికీ మధ్య గోడ పల్చబడుతోంది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు గురువారమే లాప్‌టాప్‌లతో దిగుతున్నారు. 'ఆథెంటిక్ ట్రైబల్ మార్కెట్' అంటూ రీళ్లు వస్తున్నాయి. ఈ ముఖచిత్ర కథనం ఆ గోడకు ఇంకో కన్నం కాదా అని ఎవరైనా అడిగితే కాదనలేను. కాకపోతే సంతకు కొనేవాడు కావాలి, చూసేవాడితో పనిలేదు. కొనడానికి వెళ్లేవాళ్లకు అడ్డు చెప్పాల్సిన పని లేదు.

అలా వెళ్లదలచుకుంటే కొన్ని మాటలు. గురువారం రైలుకే వెళ్లండి. శుక్రవారం ఎనిమిదింటికల్లా బయలులో ఉండండి, మధ్యాహ్నం మూడు దాటితే వరసలు విప్పేస్తారు. కెమెరా సంచీలోనే ఉంచండి. ఫొటో కావాలంటే ముందు అడగండి, వద్దంటే వద్దనే అర్థం. పది, ఇరవై నోట్లు ఎక్కువ తీసుకెళ్లండి. క్యూఆర్ అట్ట కనబడుతుంది కానీ సిగ్నల్ దాని ఇష్టం. పసుపు కొమ్ము విరిచి రంగు చూసి కొనండి. రాజ్‌మా కొత్త పంటేనా అని అడగండి. తేనె మాత్రం జీసీసీ డిపోలో తీసుకోవడం మేలు, బయట సీసాల్లో బెల్లం పాకం కూడా తిరుగుతుంటుంది. అల్లం బేరం ఆడొచ్చు, ఆడకపోతే వాళ్లే చిన్నచూపు చూస్తారు. అయితే కాటా మీద పెట్టించాకే ఆడండి. బరువైన మూట కొంటే తిరుగు రైలు టికెట్టు ముందే తీసుకోండి. శుక్రవారం సాయంత్రం జనరల్ పెట్టెలో సరుకు ఎక్కాకే మనుషులు ఎక్కుతారు.